ఏప్రిల్ దాకా తలుపు తీయరాదు

కారు ఉన్నది నడపడానికని మీలో ఇంకా ఎవరైనా నమ్ముతున్నారా? పాపం. కారు ఉన్నది పడుకోబెట్టడానికి. అందులోనూ స్పోర్ట్స్ కారైతే, ఏడాదిలో ఐదు నెలలు దుప్పటి కప్పి మరీ పడుకోబెట్టడానికి!

ఈ మాట ఏదో నోటికొచ్చినట్టు అనడం లేదు. మా ఊరు హింటర్‌బాఖ్‌లోని శీతాకాల వాహన విశ్రాంతి సంఘానికి నేను పదకొండేళ్లుగా కార్యదర్శిని. మా సంఘంలో పన్నెండుమంది సభ్యులు, పన్నెండు కార్లు, పంతొమ్మిది నిబంధనలు. సభ్యుల కంటే నిబంధనలు ఎక్కువగా ఉండటం ఏ సంఘానికైనా ఆరోగ్య లక్షణం.

మా కార్ల నంబరు ప్లేటుకు కుడిచివర రెండు చిన్న అంకెలుంటాయి. పైన నాలుగు, కింద పది. అంటే ఈ బండి ఏప్రిల్లో కళ్లు తెరిచి అక్టోబరు ఆఖరున కళ్లు మూస్తుందని ప్రభుత్వమే ముద్ర వేసి ఇచ్చిందన్నమాట. నవంబరు ఒకటో తారీఖున దాన్ని వీధిలోకి తెస్తే తప్పు. నడపక్కర్లేదు, ఊరికే నిలబెట్టినా తప్పే. మంచు, ఉప్పు, బురద, వాన, ప్రయాణం, ఇలా కారుకు హాని చేసే వాటన్నిటి నుంచీ చట్టమే అడ్డం నిలబడి కాపాడుతోంది. ఇంత దయ మన మీద ఎవరికైనా ఉందా?

అనుమానం ఉన్నవాళ్లకు మా మాజీ అధ్యక్షుడు ఎగ్‌బెర్ట్ హేబర్లె సంగతి చెబుతాను. చివరిదాకా విని, కారును పడుకోబెట్టడం ఎంత మేలో మీరే తేల్చుకోండి.

ఎగ్‌బెర్ట్‌కు డెబ్బై ఒకటి. భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మా చుట్టుపక్కల ప్రతి గుట్ట ఎత్తూ ఆయనకు నోటికి వచ్చు. రిటైరైన ఏడాది ముదురాకుపచ్చ రంగు స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఇంజను వెనక, డిక్కీ ముందు. కొని తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో అది తిరిగినంత దూరం మా ఊరి పాలవ్యాను ఒక్క ఎండాకాలంలో తిరుగుతుంది. కొత్త పెళ్లికూతురు కూడా అంత శుభ్రంగా ఉండదు.

ఆ కారు కొన్న రోజున ఆయన భార్య రోస్‌విటా ఒకే ఒక్క కోరిక కోరింది. టాపు తీసేసి, తలకు స్కార్ఫ్ కట్టుకుని, బోడెన్ సరస్సు దాకా వెళ్లాలి. వెళ్లి, అవతలి ఒడ్డున మంచుకొండలు చూడాలి. మా ఊరి నుంచి గంటన్నర ప్రయాణం. రోస్‌విటా పుట్టింది ఆ సరస్సు ఒడ్డునే. వాళ్ల నాన్న అక్కడ ఫెర్రీ నడిపేవాడు. సెలవు రోజున కూతుర్ని రేవు గోడ మీద కూర్చోబెట్టి, తన బైనాక్యులర్ చేతికిచ్చి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క కొండనూ పేరు పెట్టి పరిచయం చేసేవాడు. మనం పెళ్లిలో చుట్టాలను పరిచయం చేసినట్టు.

ఎగ్‌బెర్ట్ ఆ కోరికకు వెంటనే ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఒప్పుకుంటూనే ఉన్నాడు.

ఇక్కడ చిన్న చిక్కు ఉంది. సరస్సు అవతలి కొండలు బాగా కనిపించేది ఆకురాలే కాలంలోనూ చలికాలంలోనూ. దక్షిణం నుంచి కొండలు దిగి ఒక వెచ్చగాలి వీస్తుంది. ఆ గాలికి మా ఊళ్లో సగం మందికి తలనొప్పి వస్తుంది, మిగతా సగం మందికి కొండలు కనిపిస్తాయి. ఎండాకాలంలో సరస్సు మీద ఆవిరి పొర కమ్ముకుని ఏమీ కనిపించదు. అంటే కారు మేలుకున్నప్పుడు కొండలు పడుకుంటాయి, కొండలు లేచేసరికి కారు పడుకుంటుంది. రెండూ కలిసేది అక్టోబరులో నాలుగైదు వారాలు. అందుకు ప్రభుత్వాన్ని అనలేం, కొండల్ని అసలే అనలేం.

ముందటేడు ఆగస్టులో కంటి డాక్టరు రోస్‌విటా కళ్లు రెండూ పరీక్ష చేశాడు. నడిమధ్యలో చూపు చెడుతోందన్నాడు. అంచులు నిలుస్తాయి, మధ్యభాగం పోతుంది. ఎంత వేగంగా పోతుందో చెప్పలేనన్నాడు. కారు నడపడం ఆ రోజునుంచే మానెయ్యమన్నాడు.

ఇంటికొచ్చి ఎగ్‌బెర్ట్ ఏం చేశాడనుకున్నారు? గ్యారేజీలోకి వెళ్లి కారుకు రెండోసారి పాలిష్ పెట్టాడు.

మీకు నవ్వొస్తే రావచ్చు. కాని ఆలోచించండి. భార్య చూపు నడిమధ్యలో పోతుంటే భర్త చేతులు చేయగలిగిన పనేముంది? పెయింటు మీద గీత పడితే మాత్రం చేయగలిగిన పని ఉంది. మనుషులకు లేని ఇలాంటి సౌకర్యాలు కార్లకు ఉన్నాయి కాబట్టే మేం సంఘం పెట్టుకున్నాం.

శీతాకాలపు ఏర్పాట్లు ఎగ్‌బెర్ట్ సెప్టెంబరు నడిమికే మొదలుపెట్టేవాడు. దానికో కాగితం, ఆ కాగితానికో ప్లాస్టిక్ తొడుగు, అందులో నలభై మూడు పనులు. ఇంట్లో వాడే బూడిదరంగు చిన్న కారుకు చలికాలం టైర్లు వేసి అద్దాలు తుడిచే నీళ్లు మార్చడానికి ఆయనకు పావుగంట పట్టేది. అది ఏడాది పొడవునా వీధిలో మంచులో పడి ఉంటుంది, దాని బతుకు దానిది. ఆకుపచ్చ కారుకు మాత్రం ఆరు వారాలు.

ట్యాంకు మూతిదాకా పెట్రోలు నింపాలి, ఖాళీ ఉంటే తుప్పు. టైర్లలో గాలి మామూలు కంటే బాగా ఎక్కువ కొట్టించాలి, లేకపోతే ఐదు నెలలు ఒకే చోట ఆని చదునైపోతాయి. తలుపు రబ్బర్లకు గ్రీజు పట్టించాలి. పొగగొట్టంలో స్టీలు పీచు కుక్కాలి, ఎలుకలు కాపురం పెట్టకుండా. లోపల తేమ పీల్చే సంచులు నాలుగు. కిటికీ అద్దం వేలెడు దించి ఉంచాలి, ఊపిరాడటానికి. పైన కవర్, దాని లోపలివైపు మెత్తటి నూలు అస్తరు. ఆ అస్తరును ఉతికేటప్పుడు ఆయన రోస్‌విటా స్వెటర్లకు వాడే సబ్బు వాడేవాడు. ఆవిడ స్వెటర్లు రెండేసి వేసుకునేది. ఇంట్లో హీటరు పదహారు డిగ్రీలు దాటి పెట్టడం ఆరోగ్యానికి మంచిది కాదని ఆయన సిద్ధాంతం.

ఇక ముందటేడు అక్టోబరుకు వద్దాం. రోస్‌విటా తొందరపడుతోందని ఎగ్‌బెర్ట్‌కు తెలుసు. మొదటి శనివారం బయల్దేరదామనుకున్నారు. వానపడే అవకాశం నూటికి ముప్పై అని రేడియోలో చెప్పారు, ఆగిపోయారు. రెండో శనివారం రైతులు మొక్కజొన్న ట్రాక్టర్లు తిప్పుతున్నారు, రోడ్డంతా బురద. మూడో శనివారం రాలిన ఆకులు తడిగా ఉన్నాయి. తడి ఆకుల మరక పెయింటుకు పడితే పోదు. ఒక్కొక్క కారణమూ నిక్కమైనదే, కార్యదర్శిగా ధ్రువీకరిస్తున్నాను.

నాలుగో శనివారం కార్లను పడుకోబెట్టే రోజు. మా ఊరి చివర వాల్‌బుర్గా ఆల్గయర్ అనే రైతమ్మకు పాత గడ్డికొట్టం ఉంది. పన్నెండు కార్లూ అందులో అరచెయ్యి సందుతో పక్కపక్కన, ముందువెనక సర్దుకుంటాయి. ముందు వచ్చినవాడి కారు అన్నిటికంటే లోపల, చివర వచ్చినవాడిది తలుపు దగ్గర. అధ్యక్షుడు ఆలస్యంగా రాకూడదు కదా. అందుకని ఎగ్‌బెర్ట్ ఎప్పుడూ ఎనిమిది గంటలకే మొదట వచ్చేవాడు.

ఆ పొద్దున ఏడున్నరకు ఆయన గ్యారేజీలోకి వెళ్లేసరికి రోస్‌విటా కారులో కూర్చుని ఉంది. తలకు నీలం స్కార్ఫ్, ఒళ్లో వాళ్ల నాన్న బైనాక్యులర్, కాళ్ల దగ్గర కాఫీ ఫ్లాస్కు, కాగితంలో చుట్టిన, వెన్న రాసిన బ్రెట్సెల్ రొట్టెలు రెండు.

"ఎక్కడికి?" అన్నాడు ఎగ్‌బెర్ట్.

"సరస్సుకి. ఒకసారి బయటికెళ్లి ఆకాశం చూసి రా, ఉతికి ఆరేసినట్టుంది."

"కారు కడిగేశాను రోస్‌విటా."

"కార్లు కడుక్కుంటారు. కడుక్కుని ఎక్కుతారు. అందరూ అదే చేస్తారు."

"కడిగి రాత్రంతా ఆరబెట్టాను. రబ్బర్లకు గ్రీజయింది. టైర్లలో గాలి ఎక్కువ కొట్టించేశాను, ఈ గాలితో హైవే ఎక్కకూడదు."

"తీసెయ్. ఉస్సుమంటుంది, అంతేగా."

"తీస్తే మళ్లీ కొట్టించాలి."

"నీ నంబరు ప్లేటుకి ఇంకా మూడ్రోజుల ఆయుష్షుంది మహానుభావా. చచ్చేలోపు ఒక్కసారి తిప్పి తీసుకురా."

"ఏప్రిల్లో వెళదాం. మొదటి శనివారం. ఈసారి ఖాయం."

"ఏప్రిల్లో కొండలు కనబడవు ఎగ్‌బెర్ట్. ఒకవేళ కనబడినా, అప్పటికి నాకు..." అని ఆగింది. "సరేలే. నీ బండి నువ్వు పడుకోబెట్టుకో."

ఫ్లాస్కు, బ్రెట్సెళ్లు తీసుకుని దిగిపోయింది. బైనాక్యులర్ సీటు మీదే ఉండిపోయింది.

కొట్టంలో లోపలి గోడ దగ్గర కారు ఆపి ఎగ్‌బెర్ట్ కాగితం తీశాడు. ముప్పై ఎనిమిదో పని, సీట్ల మీద బరువైన వస్తువులు ఉంచరాదు. ఐదు నెలలు ఉంటే తోలు మీద గుంట పడుతుంది, ఇక పోదు. సీటు మీద బైనాక్యులర్ కనిపించింది. ఆయన దాన్ని మెత్తటి పాలిష్ గుడ్డలో చుట్టి, ముందు డిక్కీలో ఒక మూల జాగ్రత్తగా పెట్టాడు. తోలు దక్కిందని తృప్తి పడ్డాడు. నలభై ఒకటో పని, బ్యాటరీ వైరు విప్పడం. బ్యాటరీ ఆ డిక్కీలోనే ఉంటుంది. విప్పాడు. నలభై రెండో పని, డిక్కీ మూయడం. మూశాడు. నలభై మూడు, కవరు కప్పడం. కప్పి, నూలు అస్తరు ముడతలు లేకుండా సరిచేసి, బయటికొచ్చేశాడు.

ఆ డిక్కీ కరెంటుతో తెరుచుకుంటుంది. కరెంటు ఇచ్చే బ్యాటరీ డిక్కీ లోపల ఉంది. దాని వైరు విప్పి ఉంది. బయటి నుంచి కరెంటు ఇచ్చి తెరిచే ఉపాయం ఒకటుంది గాని, దానికి కారు తలుపు బార్లా తీసి లోపల కూర్చోవాలి. అరచెయ్యి సందులో తలుపు ఎలా తీస్తారు? వెనక ఉన్న పదకొండు కార్లూ బయటికి తోస్తేనే కుదురుతుంది.

చూశారా, ఇది మామూలు మనుషులు చేయగలిగిన తప్పు కాదు. మామూలు మనుషులు బైనాక్యులర్‌ను సీటు మీద వదిలేస్తారు. ఇంత పెద్ద తప్పు చేయాలంటే నలభై మూడు పనుల్లో ఒక్కటి కూడా వదలకుండా చేసే మనిషి కావాలి.

సాయంత్రం వీధి ఊడుస్తూ రోస్‌విటా అడిగింది, "మా నాన్న బైనాక్యులర్ ఏదీ?"

ఎగ్‌బెర్ట్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి కొట్టం నిండిపోయింది, తాళం పడింది, ఏడో నిబంధన అమల్లోకి వచ్చింది.

ఏడో నిబంధన ఇదీ. ఏప్రిల్ మొదటి శనివారం దాకా తలుపు తీయరాదు. తప్పనిసరైతే సభ్యులందరి సమ్మతీ కావాలి, ఒక్కరు కాదన్నా కాదు. ఒకప్పుడు ఒక సభ్యుడు నల్లకళ్లద్దాలు మరిచిపోయానని డిసెంబరులో తలుపు తీయించాడు. లోపలికి తేమ వచ్చి మూడు కార్ల ఇనుము మీద చెమ్మ పట్టింది. ఆ మర్నాడే ఎగ్‌బెర్ట్ స్వయంగా కూర్చుని ఈ నిబంధన రాశాడు. చేతిరాత కూడా అచ్చులా ఉంటుంది.

"నేను రాసింది నాకే వర్తించకపోతే ఎలా, సెక్రటరీ గారూ?" అన్నాడు నాతో. ఆ మాటకు నా ఒళ్లు పులకరించింది. ఇలాంటి అధ్యక్షులు ఎంతమందికి దొరుకుతారు?

కొత్త బైనాక్యులర్ కొనిస్తానన్నాడు భార్యతో. ఆవిడ వద్దంది.

"దూరం సరిచేసే దాని చక్రం మీద మా నాన్న గోటితో గీసిన గుర్తుంది. ఆ గుర్తు దగ్గర పెడితే కొండలొస్తాయి. కొత్తదానికి ఆ గుర్తు ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

చలికాలం నడిచింది. రోస్‌విటా ఉత్తరాలు భూతద్దంతో చదవడం మొదలుపెట్టింది. ఒకరోజు తలుపు చట్రం వంకరగా ఉందేమిటని అడిగింది. చట్రం నిటారుగానే ఉంది. సూటి గీతలు గీయడమే బతుకుతెరువుగా బతికిన ఎగ్‌బెర్ట్, అది కంటికే తెలుస్తున్నా, టేపు తెచ్చి కొలిచాడు. కొలిచి, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు కొట్టం దాకా నడిచి వెళ్లి, మూసిన తలుపు ముందు కాసేపు నిలబడి వచ్చాడని వాల్‌బుర్గా చెప్పింది.

జనవరి చివరి ఆదివారం పొద్దున్నే ఆ వెచ్చగాలి వచ్చింది. నాకు తలనొప్పి. ఎనిమిదిన్నరకు తలుపు గంట మోగింది. తీస్తే ఎగ్‌బెర్ట్, ఇంట్లో వేసుకునే చెప్పులతో. మా ఊళ్లో మనిషి ఇంటి చెప్పులతో వీధిలోకి రావడం ఇల్లు అంటుకున్నప్పుడు మాత్రమే జరుగుతుంది.

"సెక్రటరీ గారూ, కొండలు కనిపిస్తున్నాయట. రేడియోలో చెప్పారు. సెంటిస్ కొండ మీది కట్టడం కూడా ఇవతలి ఒడ్డుకు కనబడుతోందట. రోస్‌విటా ఐదింటికే లేచి కోటు వేసుకుని కూర్చుంది."

"చాలా సంతోషం," అన్నాను.

"పదిమందికి ఫోన్లు చేశాను. పదిమందీ సరేనన్నారు, బండ్లు తోయడానికి కూడా వస్తున్నారు. వాల్‌బుర్గా తాళం పట్టుకుని నిలబడింది. మీరొక్కరే మిగిలారు. తలుపుకు ఆనుకుని ఉన్నది మీ కారే."

కార్యదర్శి అనేవాడు ఇలాంటప్పుడే నిలబడాలి. నేను నిలబడ్డాను.

"ఎగ్‌బెర్ట్ గారూ, బయట ఎన్ని డిగ్రీలుంది?"

"పద్నాలుగు."

"కొట్టం లోపల?"

"రెండో మూడో."

"ఈ వెచ్చటి గాలి వెళ్లి ఆ చల్లటి ఇనుము మీద పడితే?"

ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. "చెమ్మ పడుతుంది," అన్నాడు.

"ఎన్ని కార్ల మీద?"

"పన్నెండు."

"ఇప్పుడు చెప్పండి. మీరు నా స్థానంలో ఉంటే తీస్తారా?"

ఆయన కొట్టం వైపు తిరిగి చూశాడు. ఆ కాసేపట్లో ఆయన నా మాట కాదనాలనీ, నన్ను నాలుగు తిట్టాలనీ నాకే అనిపించింది. కాని ఆయన అధ్యక్షుడు.

"తీయను," అన్నాడు. "నేనైతే అసలు తీయను. మీరన్నదే సబబు." చెయ్యి చాపి, నాతో చెయ్యి కలిపి, కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయాడు. మెట్ల మీద ఒక చెప్పు జారితే వంగి సరిచేసుకున్నాడు.

ఇంకో బైనాక్యులర్ కొనడానికి ఆదివారం నాడు ఏ దుకాణమూ తెరిచి ఉండదు. వాళ్లిద్దరూ బూడిదరంగు కారులో, ఉత్త కళ్లతో వెళ్లారు. అక్కడ ఏం జరిగిందో తరవాత ఎగ్‌బెర్టే నాకు చెప్పాడు. తొమ్మిదేళ్లలో మేం కారు గురించి కాకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

రేవు గోడ దగ్గర జనం గుంపుగా ఉన్నారట. అందరూ వేళ్లు చాపి చూపించుకుంటున్నారట. కొండలు చేత్తో అందుకునేంత దగ్గరగా ఉన్నాయట.

"ఏం కనబడుతోంది?" అని అడిగాడట ఎగ్‌బెర్ట్.

"తెల్లగా ఏదో ఉంది. ఎవరో దుప్పటి ఆరేసినట్టు. అంచులున్నాయి, మధ్యలో లేదు."

ఆయన పక్కన నిలబడి ఎడమ నుంచి కుడికి చెప్పడం మొదలుపెట్టాడు. ఇదిగో ఆల్ట్‌మాన్, రెండు వేల నాలుగొందల ముప్పై అయిదు మీటర్లు. ఇదిగో సెంటిస్, రెండు వేల అయిదొందల రెండు.

"ఎత్తులెవరడిగారయ్యా," అంది రోస్‌విటా. "వాటి మొహాలెలా ఉన్నాయో చెప్పు."

ఎత్తులు తప్ప ఎగ్‌బెర్ట్‌కు ఇంకేమీ తెలియదు. ఆ మాట నాకు చెబుతూ ఆయన ఏడ్చాడు. నేను ఆయన భుజం తట్టాల్సింది. గొంతు సవరించుకుని, ఈ ఏడు ఎలుకల బెడద తక్కువేనన్నాను.

ఏప్రిల్ మొదటి శనివారం తలుపు తీశాం. మొదట బయటికొచ్చింది నా కారే. తాళం తిప్పగానే స్టార్టయింది. ఎక్కడా చెమ్మ లేదు, మచ్చ లేదు, టైరు చదునవలేదు. సభ్యులందరూ చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నారు. లోపలి గోడ దగ్గరున్న ఎగ్‌బెర్ట్ కారు బయటపడేసరికి మధ్యాహ్నమైంది. బయటి నుంచి కరెంటు ఇస్తే డిక్కీ మూత లేచింది. పాలిష్ గుడ్డలో బైనాక్యులర్ పెట్టింది పెట్టినట్టే ఉంది. అద్దాల మీద బూజు చుక్క కూడా లేదు.

ఎగ్‌బెర్ట్ కారు తుడవలేదు. టైర్లలో ఎక్కువ గాలి తీసేసి, టాపు విప్పి, రోస్‌విటాను ఎక్కించుకుని అటునుంచి అటే సరస్సుకు వెళ్లిపోయాడు. ఎండ బాగా కాస్తోంది. ఆవిడ స్కార్ఫ్ కట్టుకుంది. అన్నీ ఆవిడ కోరినట్టే జరిగాయి.

రేవు గోడ దగ్గర ఆవిడ చక్రాన్ని వేలితో తడిమి, గోటి గుర్తు దగ్గరికి తిప్పి, బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"కనబడుతున్నాయి," అంది.

ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటీ చెప్పింది. ఇది ముక్కు చీదుకుంటున్న ముసలాయనలా ఉంటుంది. దీనికి భుజం మీద మంచు కొంచెం జారింది. ఇదిగో ఇది మా నాన్నకు ఇష్టమైనది, ఎప్పుడూ అలిగినట్టు పక్కకు తిరిగి ఉంటుంది. అన్నీ చెప్పి బైనాక్యులర్ భర్త చేతికిచ్చింది.

ఎగ్‌బెర్ట్ పెట్టుకుని చూశాడు. ఎండాకాలపు ఆవిరి సరస్సు మీద గోడ కట్టినట్టుంది. తెలుపు తప్ప ఏమీ లేదు.

"ఒక్క కొండ కూడా లేదా?" అని అడిగాను, ఆయన తిరిగొచ్చి నాకిదంతా చెబుతుంటే.

"ఒక్కటి కూడా."

"మరి ఆవిడ?"

"అదే తెలియడం లేదు, సెక్రటరీ గారూ. నా కోసం చెప్పిందో, తనకు నిజంగానే అలా కనబడిందో. ఏదని అడగను?"

ఆయన అడగలేదు. సోమవారం పొద్దున వాహనాల ఆఫీసుకు వెళ్లి, నాలుగు, పది అంకెలున్న ప్లేటు ఇచ్చేసి, ఆ చిన్న అంకెలు లేని, ఏడాది పొడవునా చెల్లే ప్లేటు తెచ్చుకున్నాడు. అధ్యక్ష పదవికి రెండు వాక్యాల్లో రాజీనామా రాసి, నలభై మూడు పనుల కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగుతో సహా దానికి జతచేసి నా పోస్టు డబ్బాలో వేశాడు.

ఆ తరవాత ఆ కారుకు పట్టిన గతి చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు. ఇప్పుడు మళ్లీ చలికాలం వచ్చింది. దానికి చలికాలం టైర్లు వేశారు, బూడిదరంగు కారు పక్కన వీధిలోనే నిలబెట్టారు. తలుపుల కింది భాగమంతా రోడ్డు ఉప్పు తెల్లగా అట్టకట్టింది. టాపు మడతల్లో తడి ఆకులు. కింద కాళ్ల దగ్గర బ్రెట్సెల్ ముక్కలు. సీటు మీద ఎప్పుడూ బైనాక్యులర్ పడి ఉంటుంది, తోలు మీద అరచెయ్యంత గుంట పడింది. ఆ గుంట ఇక పోదు. తాత్కాలిక అధ్యక్షుడిగా ఇవన్నీ దగ్గరికెళ్లి చూసి రాసుకున్నాను.

మొన్న ఆదివారం మళ్లీ ఆ గాలి వీచింది. తొమ్మిది గంటలకు మా ఇంటి ముందు హారన్ వినిపించింది. కిటికీలోంచి చూశాను. జనవరిలో టాపు విప్పిన కారు, హీటరు పూర్తిగా పెట్టినట్టున్నారు, చలికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. ఎగ్‌బెర్ట్ నావైపు తల ఊపాడు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, నేను కిటికీ దగ్గరున్నానని కాబోలు, చెప్పాడు. నీలం స్కార్ఫ్‌లో రోస్‌విటా నవ్వుతూ చెయ్యెత్తి ఊపింది.

నాకు కాదు. నా పోస్టు డబ్బాకు.

నేనూ చెయ్యి ఊపాను. వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రోజు కూర్చుని ఒక లెక్క వేశాను. పోయిన జనవరిలో నేను సరే అని ఉంటే, అంతమందిమి కలిసి కార్లు తోయడానికి ముప్పావు గంట. డిక్కీ తెరవడానికి ఐదు నిమిషాలు. కార్ల మీద పడ్డ చెమ్మను మెత్తటి గుడ్డతో తుడవడానికి, నా ఒక్కడి వాటాకు, ఒక గంట.

ఆ గంట నేను వాడలేదు. చాలా జాగ్రత్తగా దాచాను. ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది.